చీకట్ల ఎదురొచ్చింది మనోడా, పరాయోడా: పోలీసులు పోలీసుల్నే పొరపాటున కాల్చకుంట ట్రైనింగ్‌ల ఏం నేర్పిస్తరు

మా సిరొంచ దిక్కు ఇటు ప్రాణహిత దాటితే తెలంగాణ, అటు ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా, మనం ఉన్నదేమో మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా. అడవి ఒక్కటే, రాష్ట్రాలు మూడు. ఈ అడవిలకి మావోయిస్టుల కోసం మహారాష్ట్ర దిక్కు నుంచి సీ-60 కమాండోలు పోతరు, తెలంగాణ దిక్కు నుంచి గ్రేహౌండ్స్, ఛత్తీస్‌గఢ్ నుంచి డీఆర్‌జీ (జిల్లాల స్థానికుల పోలీసు దళం), ఎస్టీఎఫ్, ఇంక కేంద్రం నుంచి సీఆర్పీఎఫ్, దాంట్లనే అడవి పోరు కోసం పెట్టిన కోబ్రా దళం. ఎన్‌కౌంటర్ వార్త వచ్చినప్పుడల్లా వాట్సాప్ గ్రూపుల్ల ఒక మాట తిరుగుతది, "వాళ్లల్ల వాళ్లే కాల్చుకున్నరంట" అని. కొందరు పుకారని కొట్టిపారేస్తరు, కొందరు అదే నిజమని ఒట్టేసి చెప్తరు. ఏ ఒక్క వార్త మీదా ఇక్కడ తీర్పు చెప్పబోను. అసలు ఇట్ల ఎట్ల జరుగుతది, జరగకుంట ట్రైనింగ్‌ల ఏమేం పెడ్తరు, దాంట్ల ఏది పనికొస్తది, ఏది సగమే పనికొస్తది, ఇదంతా మెల్లగ విప్పి చూద్దాం. ఎందుకంటే ఇది ఒక్క పోలీసుల సంగతి కాదు, అదే అడవిల పొద్దుగాల ఇప్పపువ్వు ఏరనీకి పోయే మన ఇంటోళ్ల సంగతి సుత.

నాలుగు వేరే వేరే సంగతులు, అన్నిటికీ ఒకటే పేరు

పోలీసు తూటా తగిలి పోలీసు చనిపోయిండంటే దాని వెనక నాలుగు రకాల కారణాలు ఉండొచ్చు. తుపాకీ తుడుస్తుంటేనో, బండి దిగుతుంటేనో పేలడం ఒకటి. అది ఆయుధం పట్టుకునే పద్ధతికి సంబంధించింది, దానికి వేరే జాగ్రత్తలు ఉన్నయి. రెండోది కావాలని కాల్చడం. 2021 నవంబర్ 8న సుక్మా జిల్లా మరాయిగూడ దిక్కు ఒక సీఆర్పీఎఫ్ క్యాంపుల ఒక జవాను కాల్పులు జరిపితే నలుగురు తోటి జవాన్లు చనిపోయిన్రు. అట్లాంటివి చూస్తే సెలవులు, ఒత్తిడి, మనసు బాగలేకపోవడం, గొడవలు ఇవన్నీ మాట్లాడాలె, గురి గురించి మాట్లాడితే లాభం లేదు.

మూడోది, ఎదుటోన్ని శత్రువు అనుకుని కాల్చడం. నాలుగోది కొంచెం వేరే, శత్రువుని శత్రువనే గుర్తుపట్టిండు, గురి సుత సరిగ్గనే ఉంది, కానీ ఆ లైన్ల వెనకాలనో పక్కకో మనోడు ఉన్నడు. ఈ చివరి రెండే ఇక్కడ మన విషయం. జనం మాత్రం నాలుగింటినీ కలిపేసి "సొంతోళ్లే కాల్చిన్రు" అంటరు, దానికి అధికారులు "అంతా ఎదురుకాల్పులే" అని జవాబిస్తరు, ఇంక అసలు ఏం జరిగిందో మధ్యల ఎవ్వరికీ తెల్వదు.

ట్రిగ్గర్ దగ్గర కాదు, అరగంట ముందే మొదలైతది

ఇట్లాంటి ఘటన వినంగనే "ఆగి చూడొద్దా" అని కాల్చినోన్ని అంటం. చానా సార్లు తప్పు అంతకన్నా ముందే మొదలై ఉంటది. లెక్కేసి చూద్దాం, ఇది ఊహించి చెప్తున్న ఉదాహరణే.

రెండు పోలీసు పార్టీలు కూంబింగ్‌కి పోయినయి అనుకోండి, ఒక్కోటి ఒక్కో రాష్ట్రానిది. అరగంటకోసారి వైర్‌లెస్ సెట్‌ల తామున్న చోటు చెప్పాలని మాట్లాడుకున్నరు. రాత్రి 2 గంటలకి రెండూ చెప్పినయి, మధ్యల దూరం కిలోమీటరున్నర. ఎవరి దారి వాళ్లది, కలిసే పనే లేదు. తర్వాత మొదటి పార్టీకి వాగు అడ్డమొచ్చింది, నీళ్లు ఎక్కువున్నయి, సరే అని చుట్టు తిరిగిన్రు, ఆ తిరగడం రెండో పార్టీ దిక్కే తిరిగిన్రు. రెండో పార్టీ సుత ఏదో చప్పుడు విని ఇటే మళ్లింది. రాత్రిపూట అడవిల గంటకి 2 కిలోమీటర్లు నడుస్తరు అనుకుంటే 25 నిమిషాల్ల ఒక్కో పార్టీ 800 మీటర్ల పైనే కదుల్తది. రెండూ కలిపితే కిలోమీటరున్నర అయిపాయె. అంటే 2.25కి ఇద్దరూ ఎదురెదురుగ ఉన్నరు, మ్యాపుల మాత్రం ఇంకా కిలోమీటరున్నర దూరంల ఉన్నరు. ఇంకో అయిదు నిమిషాలైతే సెట్‌ల తెలిసిపోయేది.

దీనికి ఒక ఖబర్ కలపండి: "ఆ వాగు దగ్గర పది మంది ఆయుధాలతోని ఉన్నరు" అని సాయంత్రమే సమాచారం వచ్చింది. ఆ మాట చెవిల పడ్డాక అక్కడ కనబడ్డ ప్రతి నీడా ఆ పదిమందిల ఒకడిగనే కనిపిస్తది. మావోయిస్టులూ ఆలివ్ గ్రీన్ బట్టలే వేసుకుంటరు, పోలీసుల నుంచి గుంజుకున్న తుపాకులే చానా మంది చేతుల్ల ఉంటయి, కాబట్టి నీడను చూసి చెప్పడం కష్టం. పైగా ప్రాణభయంల మనిషి చూపు ఒక్క చోటనే ఇరుక్కుంటది, పక్కన ఏమున్నదో కండ్లకి ఆనదు, చెవులకి అరుపులు సుత సగం వినబడవు. ఇది పిరికితనం కాదు, ఎవరి ఒళ్లైనా అట్లనే చేస్తది.

అందుకే మంచి ట్రైనింగ్ తుపాకీతోని మొదలు కాదు, మ్యాపుతోని మొదలైతది. బయల్దేరే ముందు మట్టితోనో ఇసుకతోనో నేల నమూనా చేసి వాగెక్కడ, గుట్టెక్కడ, ఎవరు ఎక్కడిదాకా పోవచ్చు, ఏ గీత దాటి కాల్చొద్దు, దారి మారితే ముందుగాల ఎవరికి చెప్పాలె, సెట్ పనిచెయ్యకుంటే ఏం చెయ్యాలె, ఇవన్నీ చెప్తరు. పైన చెప్పిన ఉదాహరణల "దారి మళ్లే ముందు సెట్‌ల చెప్పాలె, చెప్పేదాకా ఆగాలె" అన్న ఒక్క రూలు పాటించి ఉంటే అసలు ఎదురుపడేటోళ్లే కాదు.

ఒకడు కాలిస్తే అందరూ కాలుస్తరు

మొదటి తూటా పేలంగనే ఇంకో చిక్కు వస్తది. పక్కోడు కాల్చిండంటే ఏదో చూసే కాల్చి ఉంటడని మిగతా అందరూ ట్రిగ్గర్ నొక్కుతరు, వాళ్లకి ఏమీ కనబడకున్నా సరే. 2019 ఫిబ్రవరి 12న న్యూయార్క్‌ల క్వీన్స్ అనే చోట ఒక ఫోన్ల దుకాణంల దోపిడీ అని పోలీసులు పోయిన్రు, దొంగ చేతిల ఉన్నది బొమ్మ తుపాకీ. ఏడుగురు పోలీసులు 42 రౌండ్లు కాల్చిన్రు. చనిపోయింది మఫ్టీల ఉన్న వాళ్ల డిటెక్టివ్ బ్రయాన్ సిమన్సన్. శిక్షణ లేని ఊరి పోలీసులు కాదు వీళ్లు, పెద్ద నగరం పోలీసులు, అయినా జరిగింది.

దీనికోసం నేర్పించేవి మూడు. ఒకటి, ఎవరి కాల్పుల పరిధి ఎంత అనేది, అంటే నీ ఎడమ చేతి దిక్కు ఆ చెట్టు, కుడి చేతి దిక్కు ఆ బండ, ఈ రెండింటి మధ్యలనే నువ్వు కాల్చాలె, పక్కోన్ది పక్కోనికే వదిలెయ్యాలె. రెండు, గురి ఒక్కటే చూడకుంట దాని వెనకాల ఏమున్నదో చూడడం. ఏకే 47 తూటా సెకనుకి 700 మీటర్ల పైన వేగంతోని బయల్దేరుతది, పొదనో మనిషినో తగిలినంత మాత్రాన అక్కడనే ఆగుతదని నమ్మకం లేదు. మూడు, కాల్చమని చెప్పేది ఎవరు, ఆపమని చెప్పేది ఎవరు అనేది. నా దృష్టిల ఈ "ఆపు" అనే ఆర్డర్‌ని చానా తక్కువ ప్రాక్టీస్ చేస్తరు, మొదలుపెట్టడం అందరికీ నేర్పుతరు గని ఆపడం సుత అంతే సార్లు చేయించాలె గదా.

బీజాపూర్ల రెండు రాత్రులు, ఒకే జడ్జి రిపోర్టులు

ఇంద్రావతికి అవతల బీజాపూర్ జిల్లాల జరిగిన రెండు ఘటనల మీద జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ విచారణ చేసింది. మొదటిది 2012 జూన్ 28 రాత్రి సార్కేగూడ, బలగాల కాల్పుల్ల 17 మంది చనిపోయిన్రు. చనిపోయినోళ్లు మావోయిస్టులని రుజువు కాలేదని కమిషన్ అన్నది, బలగాల వాళ్లకి తగిలిన గాయాలు సుత తోటి జవాన్ల కాల్పుల వల్లనే అయ్యుండొచ్చని చెప్పింది. రెండోది 2013 మే 17 రాత్రి ఎడస్‌మెట్ట. ఊరోళ్లు బీజ్ పండుం అంటే విత్తనాల పండుగ కోసం మంట చుట్టూ కూడిన్రు, బలగాలు అటు దిక్కు వచ్చినయి, కాల్పులు అయినయి. ఎనిమిది మంది ఊరోళ్లు, ఒక కోబ్రా జవాను చనిపోయిన్రు. బలగాలు భయంతోని కాల్పులు జరిపి ఉంటరని, ఆ జవాను సుత సొంతోళ్ల తూటాకే పోయి ఉండొచ్చని రిపోర్టు తేల్చింది. సరైన పరికరాలు, సరైన సమాచారం ఇచ్చి ఉంటే ఇది తప్పేదని సుత అన్నది.

ఈ రెండింటిని నేను ప్రత్యేకంగ ఎందుకు చెప్తున్ననంటే, ఊరోన్ని శత్రువనుకోవడం, తోటి జవానుకి తూటా తగలడం రెండు వేరే వేరే సమస్యలని మనం అనుకుంటం. ఆ రాత్రి ఆ చీకట్ల అవి రెండూ ఒకటే సమస్య. ఎదురుగ ఉన్నది ఎవరో తెల్వకుంటనే కాల్చిన్రు, ఎవరో తెల్వనప్పుడు తూటా ఎవరికైనా తగుల్తది.

అడిగేటోనికి ఒక పాఠం, అడిగించుకునేటోనికి ఇంకోటి

సెంట్రీ డ్యూటీల "థమ్, కౌన్ ఆతా హై" (ఆగు, ఎవరొస్తున్నరు) అని గట్టిగ అడగడం మన దగ్గర పాత పద్ధతే. అడిగేటోడు ముందుగాల చెట్టు చాటుకో గోడ చాటుకో పోవాలె, అప్పుడు అడగాలె. చాటు ఉంటే రెండు సెకన్లు ఆగి చూసే ధైర్యం వస్తది, బయట నిలబడితే ఆ రెండు సెకన్లు ఆగనీకి ప్రాణం ఒప్పదు. ఇంత చిన్న సంగతిలనే ఒక ప్రాణం ఉండుడో పోవుడో తేలిపోవచ్చు.

ఎక్కువ మంది మర్చిపోయేది రెండో దిక్కు, అంటే మఫ్టీల ఉన్న పోలీసుని ఇంకో పోలీసు ఆపినప్పుడు వాడు ఏం చెయ్యాలె అనేది. 2009 మే 28న న్యూయార్క్‌ల ఒమర్ ఎడ్వర్డ్స్ అనే కానిస్టేబుల్ డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే తన కార్ల చొరబడ్డోన్ని చూసి తుపాకీ తీసి వెంటబడ్డడు. అటు నుంచి వచ్చిన తోటి పోలీసులు చూసింది తుపాకీ పట్టుకుని ఉరుకుతున్న ఒక మనిషిని. అరిచిన్రు, ఆయన అటు తిరిగిండు, కాల్చేసిన్రు. తర్వాత ఆ రాష్ట్ర గవర్నర్ ఒక టాస్క్‌ఫోర్స్ వేస్తే 2010ల రిపోర్టు వచ్చింది, అప్పటికి దాదాపు మూడు దశాబ్దాల్ల అమెరికా మొత్తంల 26 మంది పోలీసులు ఇట్ల పొరపాటు గుర్తింపు వల్ల తోటి పోలీసుల చేతిల చనిపోయిన్రని లెక్క తేల్చింది.

ఆ రిపోర్టుల నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి ఏందంటే, వెనక నుంచి ఎవరన్నా పిలిస్తే మనిషి ఆలోచించకుంటనే గొంతు వచ్చిన దిక్కు గిర్రున తిరుగుతడు, చేతిల తుపాకీ ఉంటే అది సుత తనతోని తిరుగుతది. తిరిగేటోనికి అది "ఎవరు" అని చూడడమే, అవతలోనికి మాత్రం గురిపెట్టినట్టు కనబడ్తది. "నేను పోలీసునే గదా, నన్నెందుకు కాలుస్తరు" అనే ధీమా ఉన్నోడు ఇంకా తొందరగ తిరుగుతడు. అందుకే మఫ్టీ వాళ్లకి నేర్పించేది: కదలొద్దు, తిరగొద్దు, "పోలీస్" అని అరువు, చేతులు కనబడనీ, వాళ్లు చెప్పిందే చెయ్, ఆపినోడు నీకన్నా చిన్న ర్యాంకైనా సరే. ఇది చెవులతోని విని నేర్చుకునేది కాదు, ఒళ్లు అలవాటు పడేదాకా చెయ్యాలె.

ఇంకో సంగతి సుత ఆ రిపోర్టుల ఉంది. డ్యూటీల లేకుంట ఉండి చనిపోయినోళ్లల్ల ఎక్కువ మంది నల్లజాతి లేదా లాటినో పోలీసులే. రూపం చూసి "వీడు మనోడు కాదు" అని మనసు ముందే తేల్చేస్తదన్నమాట. మన దగ్గర జాతి లెక్క వేరు, కానీ స్థానిక గోండు, మాడియా పిల్లలు ఎంతో మంది బలగాల్ల ఉన్నరు, లొంగిపోయినోళ్లు సుత డీఆర్‌జీల చేరుతున్నరు, లుంగీ కట్టుకుని మఫ్టీల ఉన్నప్పుడు వేరే రాష్ట్రం నుంచి వచ్చిన జవాను వాళ్లని ఎట్ల చూస్తడు అనేది మన ట్రైనింగుల సుత అడగాల్సిన ప్రశ్నే.

పాస్‌వర్డ్, పట్టీ, లైటు: ఎంతవరకు పనికొస్తయి

గుర్తులు చానా రకాలు. రోజుకో పాస్‌వర్డ్, చేతికో టోపీకో రంగు పట్టీ, రాత్రి చూసే అద్దాల్ల మాత్రమే కనబడే మెరుపు లైటు. న్యూయార్క్‌ల మఫ్టీ వాళ్లకి రోజుకో రంగు పట్టీ పెడ్తరు. కానీ ప్రతి దానికీ ఒక బొక్క ఉంది. మెరుపు లైటు ఒక పార్టీ దగ్గర ఉండి, రెండో పార్టీ దగ్గర చూసే అద్దాలు లేకుంటే ఉన్నా లేనట్టే. పట్టీ చెమటకో వర్షానికో జారిపోతది. డ్యూటీల లేనోనికి ఆ రోజు రంగు ఏందో తెల్వనే తెల్వదు.

పరికరం ఉన్నా మనిషి వాడకపోతే ఏమైతదో 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్ బడ్గామ్‌ల చూసినం. మన వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్‌ని మన క్షిపణే కూల్చింది, ఆరుగురు వాయుసేన వాళ్లు, కింద ఒక పౌరుడు చనిపోయిన్రు. "నేను మనోన్నే" అని సిగ్నల్ పంపే యంత్రం హెలికాప్టర్ల ఉంది, కానీ ఆపి ఉంది. అది పెద్ద తప్పు అని తర్వాత వాయుసేన అధిపతే ఒప్పుకున్నడు.

మాదిక్కు భాష ఒక పెద్ద చిక్కు. సీ-60 వాళ్లు మరాఠీ, గోండీ, గ్రేహౌండ్స్ వాళ్లు తెలుగు, కోబ్రాల ఎక్కడెక్కడి నుంచో వచ్చినోళ్లు హిందీ. కలిసి చేసే ఆపరేషన్ల హిందీ అని పెట్టుకుంటరు సరే, గాబరాల నోట్ల నుంచి వచ్చేది అమ్మ భాషే. ఒకడు "కోణ్ ఆహే" అంటే ఇంకోడు "ఎవడ్రా" అంటడు, ఇద్దరికీ అవతలోడు పరాయోడే. పాస్‌వర్డ్ చిన్నగ, అందరి నోటికీ తిరిగేటట్టు ఉండాలనడానికి కారణం ఇదే. ఆపరేషన్ రోజు కలవడం కాకుంట ముందు నుంచే కలిసి ప్రాక్టీస్ చేస్తే ఒకరి గొంతు, నడక ఇంకొకరికి తెలుస్తది.

అన్నిటికన్నా నాకు బాధ అనిపించేది ఇంకోటుంది. గుర్తులన్నీ పోలీసుల కోసమే. ఎండాకాలం తెల్లారకముందే బ్యాటరీ లైటు పట్టుకుని ఇప్పపువ్వు ఏరే ముసలమ్మకి పాస్‌వర్డ్ తెల్వదు, చేతికి పట్టీ ఉండదు. హిందీల "థమ్" అంటే ఆగాలని ఆమెకు తెల్వదు, భయంతోని ఉరుకుతది. "గుర్తు ఉంటే మనోడు, గుర్తు లేకుంటే శత్రువు" అని నేర్పిస్తే తోటి జవాను బతుకుతడేమో గని ఆ ప్రమాదం మొత్తం ఆమె మీద పడ్తది. కాబట్టి గుర్తు లేకుంటే "ఇంకా తెల్వదు" అని మాత్రమే అర్థం అని, కాల్చనీకి చేతుల్ల ఆయుధం, వాళ్లు చేస్తున్న పని చూడాలని నేర్పించే పద్ధతికీ, ఉత్త పట్టీల మీద నడిచే పద్ధతికీ చానా తేడా ఉంది.

"ఆలోచిస్తే చస్తం" అనేటోళ్ల వాదన

దీన్ని తేలికగ తీసుకోవద్దు. 2008 జూన్ 29న ఒడిశా మల్కన్‌గిరి జిల్లా బలిమెల రిజర్వాయర్ల పోలీసుల బోటు మీద మావోయిస్టులు దాడి చేస్తే 38 మంది చనిపోయిన్రు, ఎక్కువ మంది గ్రేహౌండ్స్ వాళ్లే. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్ల తాడిమెట్ల దగ్గర ఇట్లనే 76 మంది బలగాల వాళ్లు చనిపోయిన్రు. ఆ అడవిల డ్యూటీ చేసినోడు "నన్ను ఆగి చూడమంటున్నరు, అవతలోడు ఆగుతడా" అని అడిగితే అది న్యాయమైన ప్రశ్న. నేరుగ కాల్పులు మొదలైనంక ఎవరని అడిగే టైం ఉండదు, అది నిజం.

అవతలి వాదన ఏందంటే, పొరపాటు ఘటనల్ల చానా వాటిల్ల అట్లాంటి దాడి మొదలే కాలేదు, ఒక చప్పుడో ఒక నీడో ఒక తిరగడమో అంతే. ట్రైనింగ్ ఆపుతున్నది ఆ సందర్భాల్ని. చాటు తీసుకోవడం, ముందే దూరం లెక్కేసుకోవడం నేర్చినోడు ఆలస్యం చేసినట్టు కాదు, వానికి టైం ఎక్కువ దొరికినట్టు. నాకు ఈ మాటనే బలంగ అనిపిస్తది, కానీ చాటు లేని ఇసుక తిన్నెల మీద, పడవల్ల ఇది ఎంత పనిచేస్తదో అనే అనుమానం అట్లనే ఉంటది.

ఫైరింగ్ రేంజ్ దగ్గరే ఒక లోపం ఉంది. బోర్డు మీద గురి పెట్టాలె, విజిల్ పడంగనే కాల్చాలె, మార్కులు రావాలె. అక్కడ "కాల్చకపోవడం" అనే జవాబే లేదు. అందుకే చాలా దేశాల్ల రంగు తూటాలతోని మనుషుల మీదనే ప్రాక్టీస్, తెర మీద సీన్లు చూపించి కాల్చాలో వద్దో తేల్చుకునే ప్రాక్టీస్ పెట్టిన్రు. దాంట్ల కొన్ని సార్లు ఎదురొచ్చేది మఫ్టీల ఉన్న తోటి పోలీసే, కొన్ని సార్లు ఊరోడు. ఖర్చు ఎక్కువ, టైం ఎక్కువ, ఆపరేషన్లు ఆపి ఇంతమందిని కూర్చోబెట్టడం కష్టం అనే అభ్యంతరం నిజమే. కానీ ఒకడు తుపాకీ లేకుంట నీడ లెక్క నడిచి వస్తే ఇంకొకడు సవాలు చేసి గుర్తుపట్టే ప్రాక్టీస్‌కి పైసలు అక్కర్లేదు, ఒక మైదానం, చీకటి చాలు.

చట్టం ముందు పొరపాటు

భారతీయ న్యాయ సంహిత 17వ సెక్షన్ (పాత ఐపీసీల 79) ఏమంటదంటే, జరిగిన సంగతిని తప్పుగ అర్థం చేసుకుని, చట్టప్రకారం తాను చేసేది సరైందేనని మంచి నమ్మకంతోని చేస్తే అది నేరం కాదు. 106వ సెక్షన్ (పాత 304-ఏ) నిర్లక్ష్యం వల్ల చావుకి కారణమైతే శిక్ష అంటది. ఈ రెండింటి మధ్య గీత "మంచి నమ్మకం" మీద ఉంటది, అంటే తగినంత జాగ్రత్త, శ్రద్ధ.

1960 లా రిపోర్టుల్ల ఒడిశా హైకోర్టుది ఒక కేసుంది, రాం బహదూర్ థాపా కేసు. రాసగోవిందపూర్ పాత విమానాశ్రయం దగ్గర దయ్యాలున్నయని ఊరంతా నమ్మేది. రాత్రి దీపం కదులుతుంటే దయ్యాలనుకుని థాపా ఖుక్రీ కత్తితోని మీద పడ్డడు. అక్కడున్నది దీపం పెట్టుకుని ఇప్పపువ్వు ఏరుకుంటున్న ఆదివాసీ ఆడోళ్లు. ఒకామె చనిపోయింది, ఇంకొందరికి గాయాలైనయి. కోర్టు ఆయన్ని విడిచిపెట్టింది, ఇంకొంచెం జాగ్రత్త పడి ఉంటే తప్పేదన్నంత మాత్రాన రక్షణ పోదని చెప్పింది.

ఆయన మామూలు పనోడు, ఎవరూ ట్రైనింగ్ ఇయ్యలేదు. జీతం తీసుకుని, నెలలకొద్దీ నేర్చుకుని, తుపాకీతోని పోయే మనిషికి "తగినంత జాగ్రత్త" అంటే అంతేనా, ఇంకా ఎక్కువనా అని లాయర్లల్ల రెండు వాదనలు నడుస్తయి. ట్రైనింగ్ ఎంత బాగుంటే పొరపాటుకి సాకు అంత తగ్గుతదని ఒకటి, ట్రైనింగ్ ప్రకారమే చేసినోన్ని కాపాడాలని ఇంకోటి. ట్రైనింగ్‌ల ఏం చెప్పిన్రో కాగితం మీద లేకుంటే ఈ రెండూ తేలవు.

తప్పిపోయిన ప్రమాదాల లెక్క

పొరపాటున చనిపోయిన ఘటనకన్నా ముందు అట్లాంటివే ఎన్నో తృటిల తప్పి ఉంటయి. తుపాకీ ఎత్తినంక గుర్తుపట్టినోడు, రెండు పార్టీలు పది మీటర్ల దూరంల ఎదురుపడి నవ్వుకుని పోవడం, ఇవన్నీ క్యాంపుల ముచ్చట్లయితయి గని రికార్డుల ఎక్కవు, ఎందుకంటే చెప్పినోనికే మెమో వస్తదని భయం. విమానాల రంగంల శిక్ష భయం లేకుంట ఇట్లాంటివి చెప్పే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నయి. పోలీసుల్ల అట్ల పెడితే క్రమశిక్షణ పోతదని కొందరు అధికారులు అంటరు, అసలు నిర్లక్ష్యం చేసినోడు తప్పించుకుంటడనే భయం సుత ఉంది. దానికి జవాబుగ చెప్పేది, దెబ్బ తగిలిన ఘటనకి విచారణ ఎట్లనూ ఉంటది, తగలని దానికి మాత్రం పేర్లు లేకుంట రాసుకుని, వచ్చే నెల ప్రాక్టీస్‌ల అదే సీన్ మళ్ల వెయ్యాలని.

సార్కేగూడ రిపోర్టు ఏడేండ్లకి 2019ల వచ్చింది, ఎడస్‌మెట్టది ఎనిమిదేండ్లకి 2021ల. ఆ లోపల ఎన్నో కొత్త బ్యాచ్‌లు ట్రైనింగ్ అయి అదే అడవిలకి పోయినయి, ఆ రెండు రాత్రుల సంగతి పాఠంగ రాకముందే.